డిస్క్ వాల్యూమ్ సమాచార సేకరణ: విండోస్ లైబ్రరీల చరిత్ర

డిస్క్ వాల్యూమ్ పేరేమిటి, అందులో ఏ ఫైల్ సిస్టమ్ ఉంది, మొత్తం పరిమాణమెంత, ఇంకా ఎంత ఖాళీ ఉంది అన్న వివరాలను ప్రోగ్రాములు ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి తెలుసుకునే విధానమే వాల్యూమ్ సమాచార సేకరణ. ఇందుకు కావలసిన ఫంక్షన్లను ఆపరేటింగ్ సిస్టమ్ తన నిల్వ నిర్వహణ లైబ్రరీల్లో అందిస్తుంది. మైక్రోసాఫ్ట్ వ్యవస్థల్లో ఇవి 1983 నాటి డాస్ 2.0 మొదలు 2012లో వచ్చిన విండోస్ స్టోరేజ్ మేనేజ్‌మెంట్ ఏపీఐ వరకు పలు తరాలు మారాయి. డిస్కులు పెద్దవై, సంక్లిష్టమై, పాత ఫంక్షన్ జవాబు చెప్పే తీరులో ఇమడకపోవడమే ఈ మార్పులకు ముఖ్య కారణం. పాత పద్ధతులను వాడే ప్రోగ్రాములు మిగిలే ఉండటంతో, కొత్తవి వచ్చినా పాతవాటిని వెంటనే తీసేయలేదు.

ప్రాథమిక భావనలు

డిస్క్, పార్టిషన్, వాల్యూమ్ మూడూ ఒకటి కావు. డిస్క్ పొలమైతే, గట్లు వేసి విడదీసిన మడి పార్టిషన్. ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసి ఫైళ్లు దాచుకోవడానికి సిద్ధం చేసిన నిల్వ భాగం వాల్యూమ్. సాధారణంగా ఒక పార్టిషన్‌లో ఒక వాల్యూమ్ ఉంటుంది. అయితే రెండు మూడు డిస్కుల మీద పరుచుకున్న వాల్యూములూ ఉంటాయి.

ఫైల్ సిస్టమ్ డిస్క్‌లోని చోటును క్లస్టర్ల లెక్కన కేటాయిస్తుంది. ఒక క్లస్టర్‌లో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ సెక్టార్లు ఉంటాయి. సెక్టార్ పరిమాణం చాలాకాలం 512 బైట్లే. కేటాయింపు క్లస్టర్లలో జరుగుతుంది కాబట్టి తొలి తరం ఫంక్షన్లు పరిమాణాన్ని నేరుగా బైట్లలో చెప్పలేదు. సెక్టార్లు, క్లస్టర్ల సంఖ్యలు ఇచ్చి, గుణించుకునే పని ప్రోగ్రాముకు వదిలేశాయి. తర్వాతి ఇబ్బందుల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

డాస్ కాలం

1983 మార్చిలో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పాటు డాస్ 2.0 వచ్చింది. ఆ కంప్యూటర్‌లో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్ ఉండేది. డిస్క్‌లో ఖాళీ ఎంతో తెలుసుకోవడానికి ప్రోగ్రాములు ఇంటరప్ట్ 21హెచ్‌లోని 36హెచ్ ఫంక్షన్‌ను పిలిచేవి. జవాబు ప్రాసెసర్‌లోని నాలుగు రిజిస్టర్లలో వచ్చేది. ఏఎక్స్‌లో క్లస్టర్‌కు ఎన్ని సెక్టార్లు, బీఎక్స్‌లో ఖాళీ క్లస్టర్ల సంఖ్య, సీఎక్స్‌లో సెక్టార్‌కు ఎన్ని బైట్లు, డీఎక్స్‌లో మొత్తం క్లస్టర్ల సంఖ్య ఉండేవి.

360 కేబీ ఫ్లాపీని ఉదాహరణగా తీసుకుంటే, క్లస్టర్‌కు 2 సెక్టార్లు, సెక్టార్‌కు 512 బైట్లు, మొత్తం 354 క్లస్టర్లు. మూడింటినీ గుణిస్తే 3,62,496 బైట్లు. చెక్‌డిస్క్ కమాండ్ తెరమీద చూపిన మొత్తం కూడా అదే. ఫ్లాపీలోని 720 సెక్టార్లలో బూట్ సెక్టార్, ఫైల్ కేటాయింపు పట్టిక, రూట్ డైరెక్టరీ కలిపి 12 సెక్టార్లను వాడుకోగా మిగిలిన చోటు ఇది.

ఆ నాలుగు రిజిస్టర్లూ 16 బిట్లవి కావడంతో క్లస్టర్ల సంఖ్య 65,535 దాటి చెప్పడానికి వీల్లేదు. క్లస్టర్‌కు గరిష్ఠంగా 64 సెక్టార్లు అనుకున్నా లెక్క 2 గిగాబైట్ల దగ్గర ఆగిపోతుంది. 10 మెగాబైట్ల డిస్కుల రోజుల్లో ఈ హద్దు ఎవరికీ అడ్డురాలేదు.

వాల్యూమ్‌కు 11 అక్షరాల లేబుల్ పెట్టుకునే సౌకర్యం కూడా డాస్ 2.0తోనే వచ్చింది. 1988లో విడుదలైన డాస్ 4.0లో 32 బిట్ల వాల్యూమ్ సీరియల్ నంబర్ చేరింది. డిర్ కమాండ్ ఇస్తే పై వరుసల్లో నాలుగేసి అంకెల రెండు జతలుగా, మధ్యలో అడ్డగీతతో కనిపించేది ఇదే. ఫార్మాట్ చేసిన తేదీ, సమయాల నుంచి దీన్ని లెక్కగట్టేవారు. మళ్లీ ఫార్మాట్ చేస్తే నంబర్ మారిపోతుంది. దీనికీ, డిస్క్ తయారీదారు ఇచ్చే హార్డ్‌వేర్ సీరియల్ నంబర్‌కూ సంబంధం లేదు.

విన్32, 2 గిగాబైట్ల హద్దు

1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో విన్32 లైబ్రరీ వచ్చింది. అందులో వాల్యూమ్ సమాచారాన్ని పలు ఫంక్షన్లకు పంచారు. గెట్‌లాజికల్‌డ్రైవ్స్ ఏయే డ్రైవ్ అక్షరాలు వాడుకలో ఉన్నాయో ఒకే సంఖ్యలో చెబుతుంది. అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో బిట్. సి, డి డ్రైవ్‌లు మాత్రమే ఉంటే జవాబు 4, 8 కలిపి 12. గెట్‌డ్రైవ్‌టైప్ ఒక డ్రైవ్ తీసి పెట్టుకునేదా, స్థిరమైనదా, నెట్‌వర్క్‌దా, సీడీ డ్రైవా అన్నది చెబుతుంది. గెట్‌వాల్యూమ్‌ఇన్ఫర్మేషన్ లేబుల్, సీరియల్ నంబర్, ఫైల్ సిస్టమ్ పేరు, ఫైల్ పేరుకు గరిష్ఠ పొడవు, ఆ ఫైల్ సిస్టమ్‌కు ఉన్న సామర్థ్యాలను ఇస్తుంది.

ఖాళీ స్థలం కోసం ఉన్న గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్ మాత్రం డాస్ పద్ధతినే కొనసాగించి, అవే నాలుగు సంఖ్యలను 32 బిట్లలో ఇచ్చింది. గుణకారం మళ్లీ ప్రోగ్రాము బాధ్యతే. ఆ లబ్ధాన్ని 32 బిట్ల చలరాశిలో దాచిన ప్రోగ్రాముల్లో 4 గిగాబైట్లు దాటగానే లెక్క తప్పేది. 5 గిగాబైట్ల ఖాళీ ఉన్నా ఒకటే ఉన్నట్టు తేలేది. ధనాత్మక, రుణాత్మక సంఖ్యలు రెండింటికీ వాడే చలరాశి అయితే 2 గిగాబైట్ల దగ్గరే మైనస్‌లోకి జారేది. డిస్క్ నిండా ఖాళీ ఉన్నా ఇన్‌స్టాలర్లు చోటు చాలదని మొరాయించడానికి ఇలాంటి లెక్కలు కారణమయ్యేవి.

దీనికి విండోస్ 95 ఒక ఉపాయం పన్నింది. 2 గిగాబైట్లు దాటిన వాల్యూమ్‌కు కూడా ఈ ఫంక్షన్ ఆ హద్దులోపు జవాబే ఇచ్చేది. చిన్న వాల్యూముల విషయంలో సైతం క్లస్టర్‌కు ఎన్ని సెక్టార్లు వంటి సంఖ్యలు కొన్నిసార్లు అసలువి కావు. గుణిస్తే సరైన మొత్తం వచ్చేలా సర్దినవి. పాత ప్రోగ్రాములు దెబ్బతినకుండా కాపాడటమే దీని ఉద్దేశం.

1996 ఆగస్టులో విండోస్ 95 ఓఎస్‌ఆర్2తో ఫ్యాట్32 ఫైల్ సిస్టమ్ వచ్చింది. 2 గిగాబైట్లు దాటిన వాల్యూములు మామూలయ్యాయి. దానితో పాటే వచ్చిన గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్ఎక్స్ ఫంక్షన్ క్లస్టర్ల లెక్క వదిలేసి నేరుగా బైట్లలో, 64 బిట్ల సంఖ్యలతో జవాబిస్తుంది. మొత్తం పరిమాణం, మొత్తం ఖాళీ, అడిగిన వినియోగదారుకు అందుబాటులో ఉన్న ఖాళీ అని మూడు సంఖ్యలు వస్తాయి. విండోస్ 2000లో ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కు డిస్క్ కోటా వచ్చాక ఈ మూడోదాని అవసరం తెలిసింది. వాల్యూమ్‌లో ఎంత ఖాళీ ఉన్నా, వినియోగదారు తన కోటాకు మించి వాడుకోలేడు.

డ్రైవ్ అక్షరం నుంచి శాశ్వత గుర్తింపుకు

అప్పటివరకు వాల్యూమ్‌కు గుర్తింపు డ్రైవ్ అక్షరమే. అక్షరాలు 26 మాత్రమే. పైగా డిస్కులు తీసి పెట్టినప్పుడు అవి మారిపోవచ్చు. 2000 ఫిబ్రవరిలో విడుదలైన విండోస్ 2000లోని మౌంట్ మేనేజర్ ప్రతి వాల్యూమ్‌కూ ఒక ప్రత్యేకమైన పేరు ఇవ్వడం మొదలుపెట్టింది. వాల్యూమ్ అనే మాట, దాని వెంట ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య 128 బిట్ల జీయూఐడీ సంఖ్య ఈ పేరులో ఉంటాయి. డ్రైవ్ అక్షరం మారినా ఇది మారదు. అక్షరమే లేని వాల్యూమ్‌ను ఒక ఫోల్డర్ కింద తగిలించడమూ అప్పుడే వీలైంది.

ఇలాంటి వాల్యూములను వెతకడానికి ఫైండ్‌ఫస్ట్‌వాల్యూమ్, ఫైండ్‌నెక్స్ట్‌వాల్యూమ్ ఫంక్షన్లు వచ్చాయి. వీటిని వాడేటప్పుడు పేరు చివరి వెనుకవాలు గీత ముఖ్యం. ఫైల్ తెరిచే ఫంక్షన్‌కు గీతతో ఇస్తే అది వాల్యూమ్ రూట్ డైరెక్టరీ. గీత తీసేస్తే వాల్యూమ్ పరికరమే. పరికరాన్ని తెరిచి డివైస్ఐఓకంట్రోల్ ద్వారా అడిగితే, ఆ వాల్యూమ్ ఏ డిస్కులో, ఎక్కడి నుంచి ఎంత మేర విస్తరించి ఉందో తెలుస్తుంది.

డబ్ల్యూఎంఐ, వర్చువల్ డిస్క్ సర్వీస్

కార్యాలయాల్లో కంప్యూటర్లు వందల్లోకి చేరాక, ఒక్కోదాని దగ్గరకు వెళ్లి చూసే బదులు దూరం నుంచి అడిగే పద్ధతి అవసరమైంది. డీఎంటీఎఫ్ సంస్థ రూపొందించిన సీఐఎం నమూనా ఆధారంగా మైక్రోసాఫ్ట్ డబ్ల్యూఎంఐ అనే నిర్వహణ వ్యవస్థను తయారుచేసి విండోస్ 2000లో అంతర్భాగం చేసింది. డేటాబేస్‌ను అడిగినట్టే ఎస్‌క్యూఎల్‌ను పోలిన వాక్యంతో విన్32 లాజికల్‌డిస్క్ అనే క్లాస్‌ను ప్రశ్నించవచ్చు. ఈ క్లాస్ డ్రైవ్ అక్షరాలనే చూస్తుంది. అక్షరం లేని వాల్యూములనూ చూపే విన్32 వాల్యూమ్ క్లాస్ విండోస్ సర్వర్ 2003లో వచ్చింది. విండోస్ ఎక్స్‌పీలో అది లేదు.

సర్వర్ 2003లోనే వర్చువల్ డిస్క్ సర్వీస్ కూడా వచ్చింది. కామ్ ఇంటర్‌ఫేస్‌లతో పనిచేసే ఈ లైబ్రరీలో ఒక వాల్యూమ్ వివరాల కోసం మెట్టు తర్వాత మెట్టు దిగాలి. సర్వీస్‌ను ప్రొవైడర్ల జాబితా, ప్రొవైడర్‌ను ప్యాక్‌ల జాబితా, ప్యాక్‌ను వాల్యూముల జాబితా అడిగి, చివరకు వాల్యూమ్‌ను దాని లక్షణాలు అడగాలి. డిస్క్‌పార్ట్ కమాండ్, డిస్క్ మేనేజ్‌మెంట్ కిటికీ ఈ సర్వీస్ మీదే ఆధారపడ్డాయి.

స్టోరేజ్ మేనేజ్‌మెంట్ ఏపీఐ

2012లో విండోస్ సర్వర్ 2012, విండోస్ 8లతో విండోస్ స్టోరేజ్ మేనేజ్‌మెంట్ ఏపీఐ వచ్చింది. వర్చువల్ డిస్క్ సర్వీస్ స్థానాన్ని ఇదే తీసుకుంటుందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అదే విడుదలలో స్టోరేజ్ స్పేసెస్ కూడా ఉంది. ఇందులో భౌతిక డిస్కులన్నీ ఒక పూల్‌లో కలుస్తాయి. దాని నుంచి వర్చువల్ డిస్కులు, వాటిపైన పార్టిషన్లు, వాల్యూములు ఏర్పడతాయి.

కొత్త ఏపీఐ ఈ అంతస్తులన్నింటికీ వేర్వేరు డబ్ల్యూఎంఐ క్లాస్‌లు ఇచ్చి, వాటి మధ్య సంబంధాలనూ క్లాస్‌లుగానే నమోదు చేసింది. ఎంఎస్‌ఎఫ్‌టీ వాల్యూమ్ అనే క్లాస్‌లో డ్రైవ్ అక్షరం, జీయూఐడీ దారి, లేబుల్, ఫైల్ సిస్టమ్, పరిమాణం, మిగిలిన చోటుతో పాటు ఆరోగ్య స్థితి కూడా ఉంటుంది.

పవర్‌షెల్‌లో గెట్-వాల్యూమ్ అని కొడితే ఇదంతా పట్టికగా వస్తుంది. రికవరీ వాల్యూమ్ వంటివాటికి డ్రైవ్ అక్షరం గడి ఖాళీగా కనిపిస్తుంది. గెట్-డిస్క్ ఫలితాన్ని గెట్-పార్టిషన్‌కు, దాని ఫలితాన్ని గెట్-వాల్యూమ్‌కు పైప్ చేస్తే ఒక డిస్క్ మీద ఉన్న వాల్యూములు మాత్రమే తెలుస్తాయి.

ఇతర వ్యవస్థలు

యునిక్స్‌లో డీఎఫ్ కమాండ్ 1971 నాటి తొలి ఎడిషన్ నుంచే ఉంది. నేటి యునిక్స్ తరహా వ్యవస్థల్లో స్టాట్‌వీఎఫ్‌ఎస్ అనే పాసిక్స్ ఫంక్షన్ ఈ సమాచారం ఇస్తుంది. లినక్స్‌లో ఫైల్ సిస్టమ్ రకం, లేబుల్, యూయూఐడీలను లిబ్‌బ్లాక్‌ఐడీ లైబ్రరీ డిస్క్‌లోని నిర్ణీత స్థానాల్లో ఉండే సంతకాలను చదివి గుర్తిస్తుంది. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ అయితే పార్టిషన్ మొదటి నుంచి 1,024 బైట్ల తర్వాత మొదలయ్యే సూపర్‌బ్లాక్‌లో చూస్తుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు యూడిస్క్స్ సేవ డీ-బస్ ద్వారా ఇవే వివరాలు అందిస్తుంది. మ్యాక్‌లో ఈ పని డిస్క్ ఆర్బిట్రేషన్ ఫ్రేమ్‌వర్క్‌ది.

ఖాళీ లెక్కల్లో తేడాలు

ఒకే డిస్క్‌కు రెండు ప్రోగ్రాములు వేర్వేరు సంఖ్యలు చూపడానికి పలు కారణాలున్నాయి. తయారీదారులు టెరాబైట్‌ను లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 1,024 గుణిజాల్లో లెక్కించి దాన్నే 931 జీబీగా చూపుతుంది. 2009 నాటి స్నో లెపర్డ్ నుంచి మ్యాక్ తయారీదారుల లెక్కకు మారింది. ఎక్స్‌ట్ కుటుంబ ఫైల్ సిస్టములు మామూలుగా 5 శాతం చోటును రూట్ వినియోగదారు కోసం అట్టిపెడతాయి. అందుకే డీఎఫ్‌లో వాడిన చోటు, అందుబాటులో ఉన్న చోటు కలిపినా మొత్తానికి సరిపోవు. 2017లో మ్యాక్‌కు వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఒక కంటెయినర్‌లోని వాల్యూములన్నీ ఖాళీని ఉమ్మడిగా పంచుకుంటాయి. ఒక్కో వాల్యూమ్ చూపే ఖాళీని కూడితే అసలు కంటే ఎక్కువ వస్తుంది.

ప్రస్తుత స్థితి

గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్ నేటి విండోస్‌లోనూ పనిచేస్తుంది. డబ్ల్యూఎంఐ ప్రశ్నలకు వాడే డబ్ల్యూఎంఐసీ కమాండ్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 10 21హెచ్1లో వాడుక తగ్గించాల్సిన జాబితాలో చేర్చింది. ఆ కమాండ్ పోయినా, డబ్ల్యూఎంఐ మాత్రం కొనసాగుతోంది. కేవలం ఖాళీ ఎంతో తెలిస్తే చాలనుకునే ప్రోగ్రాముకు గెట్‌డిస్క్‌ఫ్రీస్పేస్ఎక్స్ సరిపోతుంది. వాల్యూమ్ కింద ఉన్న డిస్కులు, పూల్‌లు, వాటి ఆరోగ్యం కూడా తెలుసుకోవాలంటే స్టోరేజ్ మేనేజ్‌మెంట్ ఏపీఐని ఆశ్రయించాలి.