లాలాజల గ్రంథి చెప్పిన రహస్యము

నోరూరుట అను మాట మనకు నిత్యవ్యవహారము. ఆ ఊటకు మూలము మన ముఖభాగముననే కలదు. చెవుల ముందు రెండు, క్రింది దవడ అడుగున రెండు, నాలుక క్రింద రెండు పెద్ద గ్రంథులు మనకున్నవి. గవదబిళ్ళలు వచ్చిన పిల్లవాని చెంపలు ఉబ్బుట సాధారణముగా చెవి ముందరి జంట వాచుట వలననే. 1656లో ఆంగ్లవైద్యుడు థామస్ వార్టన్ దవడ క్రింది గ్రంథి నాళమును వర్ణించెను. 1660లో డెన్మార్కు విద్యార్థి స్టెన్సెన్ ఆమ్‌స్టర్‌డాములో ఒక గొఱ్ఱె తలను కోసి, చెవి ముందరి గ్రంథినుండి నోటికి పోవు నాళమును కనుగొనెను. గ్రంథిలో ఊరిన రసము నాళము వెంట నోరు చేరునని ఇట్లు తేటపడెను.

ఇట్టి నాళమే మన జంటనగరముల కథలో ఒక పెద్ద చిక్కును విప్పెను. నేడు నాగోలు నుండి హైటెక్ సిటీకి పోవు మెట్రో బండి బేగంపేట మీదుగా సాగును. ఆ బేగంపేటలో 1897 ఆగస్టు 20న సైనికవైద్యుడు రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూచెను. కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ఆ రోగికి ముట్టెను.

అయినను సగము ప్రశ్న మిగిలెను. దోమ కడుపున చేరినది మరల మనిషిని చేరుటెట్లు? దోమ నీటిలో చచ్చుననియు, ఆ నీరు త్రాగినవారికి జ్వరము వచ్చుననియు రాస్‌కు మార్గదర్శియైన మాన్సన్ తలచెను. అదియే నిజమైనచో నీరు కాచి త్రాగిన చాలును. కానిచో దోమకాటునే తప్పించుకొనవలెను. ప్రాణములు ఈ భేదముపై ఆధారపడియుండెను.

రాస్‌కు సికిందరాబాదు నుండి బదిలీ అయ్యెను. 1898 జులైలో కలకత్తాలో, మహమ్మద్ బక్ష్ సాయముతో పక్షుల మలేరియాను పరిశోధించుచు, ఆ క్రిములు దోమ ఎదభాగములోని లాలాజల గ్రంథిలో కిక్కిరిసియుండుట అతడు చూచెను. ఆ గ్రంథి నాళము తొండము వైపునకే పోవుచుండెను! అట్టి దోమలు కుట్టిన పిచ్చుకలకు వ్యాధి సోకెను. ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు మనుష్యుల విషయమున దీనిని నిరూపించిరి.

దోమ లాలాజలము రక్తము గడ్డకట్టకుండ చేయుటకు ఏర్పడినది. క్రిమి దానిని తనకు బాటగా చేసికొనెను. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. హుసేన్ ఖాన్ పేరును కూడ మనము తలచుకొనుట న్యాయము. మేడలపై నీటితొట్లకు మూత వేయునపుడును, దోమతెర దించుకొనునపుడును మనము అనుసరించుచున్నది ఆ చిన్న గ్రంథి చెప్పిన సత్యమునే.