మొదటి పాఠాన్ని తిరగవ్రాసేదెవరు?

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రజల సొత్తు అనే మాట మన విద్యార్థి సభల్లో తరచు వినబడుతూ వుంటుంది. మాట మంచిదే. కాని లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటిసారి తాకే పిల్లవాడి చేతికి ఏ పుస్తకం ఇస్తున్నాం, దాన్ని చివరిసారి దిద్దినది ఎవరు, ఏ సంవత్సరంలో అన్న ప్రశ్నను ఆ సభల్లో నేను విన్నది తక్కువ. ఆ సొత్తు నిజంగా ఎవరిదో తేలేది అక్కడేనని నా అభిప్రాయం.

ప్రశ్న పాతదే. బెల్ ప్రయోగశాలలో థాంప్సన్, రిచీలు యూనిక్స్‌ను నిర్మించినప్పుడు దాని మాన్యువల్ మొదటి కూర్పు 1971 నవంబరు 3వ తేదీతో వెలువడింది. పేజీలమీద తేదీలు వేశారు. ఏ ఆదేశంలో ఏ లోపమున్నదో ఒప్పుకోవటానికి ప్రత్యేకంగా ఒక శీర్షిక పెట్టారు. అంతేకాదు, ఆనాటి యూనిక్స్ రూపాలకు పేర్లు మాన్యువల్ కూర్పులనుండే వచ్చాయి. 1979 నాటి యూనిక్స్‌ను ఈనాటికీ ఏడవ కూర్పు అనే అంటారు. అక్కడ వ్రాతపని యంత్రం పని వెనుక ఈడ్చుకుంటూ రాలేదు, దాని పక్కనే నడిచింది. అయితే అది తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకోసం వ్రాసుకున్న పుస్తకం. కొత్తవాడికి అందులో గుమ్మం లేదు.

1983లో స్టాల్మన్ గ్నూ ఉద్యమాన్ని ప్రకటించాడు; 1991లో టోర్వాల్డ్స్ లినక్స్‌ను విడుదల చేశాడు. తరువాత కొద్దికాలానికే లినక్స్ డాక్యుమెంటేషన్ ప్రాజెక్టు పేరుతో కొందరు కొత్తవాళ్ళకోసం పుస్తకాలు వ్రాయటం మొదలుపెట్టారు. హౌటూలనే చిన్న పుస్తకాలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క బాధ్యుడు. జీతం లేని పని. బాధ్యుడి ఓపిక తగ్గితే పుస్తకం ఆగిపోయేది. వ్యవస్థ మాత్రం ఆగదు. 2004లో పుట్టిన ఉబుంటు ఆరు నెలలకొక కొత్త రూపంతో వస్తున్నది. 2011లో యూనిటీ అనే తెరను తెచ్చి, 2017లో దాన్ని వదిలి మళ్ళీ గ్నోమ్‌కు మరలింది. రెండుసార్లూ పాత మార్గదర్శుల్లోని బొమ్మలు పనికిరాకుండా పోయాయి.

కోటబొమ్మాళిలో నేను కొందరు ఇంటర్ విద్యార్థులకు లినక్స్ నేర్పబోయినప్పుడు మా చేతనున్నది అలాంటి పాత తెలుగు మార్గదర్శే. అది నొక్కమన్న మీట తెరమీద లేదు. “నాకే తెలీదేటో మాస్టారూ” అన్నదొక అమ్మాయి. పుస్తకం వెనకబాటును ఆమె తన తెలివితక్కువగా లెక్కవేసుకున్నది! ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన పట్నపు కుర్రవాడయితే మరొకచోట వెతుక్కుంటాడు. పాతబడిన పాఠం అందరినీ సమానంగా కొట్టదు.

తెర మీది మాటల విషయంలో అనువాదకులు ఒక ఉపాయం పాటిస్తారు. మూలంలో ఇంగ్లీషు వాక్యం మారగానే దాని తెలుగుకు సందేహపు గుర్తు పడుతుంది. ఎవరయినా చూసి దిద్దేదాకా తెరమీద ఇంగ్లీషే కనబడుతుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా కనబడే ఆ తెరను చూసి నవ్వేవాళ్ళున్నారు. నాకది నిజాయితీగా తోస్తుంది. అచ్చయిన మార్గదర్శికి ఆ గుర్తు లేదు. అది తప్పును ధీమాగా చెప్తుంది.

దిద్దటానికి హక్కు కూడా కావాలి. 2000లో గ్నూ వారు పుస్తకాలకోసం ఒక లైసెన్సు తెచ్చారు. కొన్ని భాగాలను ఎవ్వరూ మార్చరాదని రచయిత శాసించటానికి అందులో వీలుంది. అవి సాంకేతిక విషయం కాని భాగాలే కావలెనన్న నియమం వున్నది, నిజమే. అయినప్పటికీ అలాంటి భాగాలున్న పుస్తకాలు స్వేచ్ఛా గ్రంథాలు కావని డెబియన్ సభ్యులు 2006లో ఓటువేసి తేల్చారు. స్వేచ్ఛను బోధించినవారి పుస్తకాన్నే ఆ కొలతతో కొలిచారు. వారు చేసినది సబబే.

మా ప్రాంతానికి ఈ తగవు తెలియనిది కాదు. శ్రీముఖలింగం చేరువ పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా వుంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేశారు. తెలుగు బడిపుస్తకాల్లో జీవద్భాష వుండాలని పండితులతో పోరాడారు. అవతలి పక్షంవారు పాండిత్యం లేనివారేమీ కారు. పిల్లవాడు పుస్తకం దగ్గరకు రావాలి గాని పుస్తకం పిల్లవాడి దగ్గరకు పోరాదన్నది వారి పట్టు.

ఇక కంప్యూటరే అన్నీ వ్రాసిపెడుతుంది కదా అని ఈమధ్య కొందరు మిత్రులంటున్నారు. అది చదువుకున్నవాటిలో ఎవరూ దిద్దని ఆ పాత మార్గదర్శులూ వున్నాయి.