మండువా మీద గాజు

నెల్లూరులో మా తాతగారి ఇల్లు బాగుచేయిద్దామనుకుంటే, వచ్చిన మొదటి డ్రాయింగులోనే మండువా మీద గాజు కప్పు, దానికింద ఏసీ హాలు ఉన్నాయి. ఇంటినిండా వెలుతురు కావాలట. సరే. అసలు ఆ ఇంట్లో వెలుతురు ఎప్పుడు పోయింది?

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి వదిలేసిన చోటు. నాలుగు వైపుల పెంకులూ లోపలికి వాలి ఉంటాయి. చూరు ఎండని ఆపి, నేలమీద పడి చెదిరిన వెలుతురునే గదుల్లోకి పంపుతుంది. వేడిగాలి పైకి పోతుంటే వీధి వాకిట్లోంచి కొత్తగాలి వస్తుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో దానికి గాజు మూత పెడితే ఏమవుతుందో ఎండలో పెట్టిన కారుని అడగండి.

గోడల సంగతీ అంతే. ఈ తీరంలో పులికాట్ సరస్సు గుల్ల తవ్వి, కాల్చి సున్నం చేసేవాళ్ళు. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే ఉండిపోయి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడై రాలుతుంది. కప్పులు మాత్రం మారుతూనే వచ్చాయి. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో కార్ఖానా పెట్టాక, ఆ రకం బిళ్ళపెంకులు చాలాచోట్ల గూనపెంకుల్ని తోసేశాయి. కాబట్టి మార్పు మీద నాకు కోపం లేదు. లెగసీ కోడ్ చదవకుండా తిరగరాసేవాళ్ళ మీదే.

మా ఇంట్లో వెలుతురు పోయింది పంపకాల్లో. అన్నదమ్ములు గదులు లెక్కపెట్టుకున్నారు, ఆకాశాన్ని ఎవరూ లెక్కలో వేసుకోలేదు. గోడ సరిగ్గా మండువా మధ్యలోంచి లేచింది. చెరో సగం మీదా రేకులు పడ్డాయి. అప్పట్నుంచీ పగలే ట్యూబులైటు.

గోడ తీసేసి మండువాని తెరిచి ఉంచుదామంటే, అవతలి వాటాలో ఉండే పిన్నమ్మ ఒక్క మాట అడిగింది: “వానొస్తే ఆ నీళ్ళు ఎవురు తోస్తారబ్బయా?” చిన్నాయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాత ఇళ్ళని పొగిడే వ్యాసాలు ఈ ప్రశ్న దగ్గరికే రావు. మండువా వెలుతురులో పేపరు చదివింది మగవాళ్ళు. ఆడవాళ్ళు వెనక వంటింట్లో, పొగలో, చీకట్లో ఉన్నారు. వాన వెలిశాక నీళ్ళు తోసిందీ వాళ్ళే.

గాజు కావాల్సింది అక్కడ. పెంకుల వరసలో నాలుగు గాజు పెంకులు పెడితే వంటింట్లోకి వెలుతురొస్తుంది, ఇది మన మేస్త్రీలకి తెలిసిన పనే. నీళ్ళు వాటంతట అవే పోవాలంటే మండువా నేలకి వాలు సరిచేసి, పూడిపోయిన తూము తవ్వించాలి. గోడ విషయం చిన్నాయన ఇంకా తేల్చలేదు. తూముకి మాత్రం మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.