వైన్‌కు వచ్చే జబ్బులు, వాటి వెనకాల చరిత్ర



పోయిన వారం మన గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. నేచురల్ వైన్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నారంట, తాగినాక నోట్లో ఎలుక కంపు మిగిలిందంట. ఇది చెడిపోయిందా, లేక ఇంతేనా అని అడిగారు. "నేచురల్ అంటే అంతే, కల్లు మాదిరి, ఏమీ కలపకుండా వదిలేస్తే అట్లాగే ఉంటుంది" అని ఒకరు జవాబిచ్చారు. ఆ జవాబు నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. రెండు వేల ఏళ్ళకు పైగా మనుషులు ఈ కంపుతో పోరాడుతూ వచ్చారు. ఆ పోరాటంలో ప్రాణాలు కూడా పోయినాయి. కొంచెం పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

ద్రాక్షను నలిపి పెడితే చాలు, తొక్క మీద, తొట్టిలో ఉండే ఈస్టు చక్కెరను సారాగా మారుస్తుంది. కథ అక్కడితో ఆగదు. గాలి తగిలితే ఇంకో రకం క్రిమి వచ్చి ఆ సారాను వెనిగర్ చేసేస్తుంది. తమిళంలో కాడి అంటాము కదా, అదే. వెనిగర్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, దానికి అర్థమే పులిసిన వైన్.

రోమన్లు ద్రాక్షరసాన్ని సీసపు గిన్నెల్లో కాచి, చిక్కటి పాకం చేసి వైన్‌లో కలిపేవాళ్ళు. తియ్యగా ఉంటుంది, తొందరగా చెడదు. సీసం విషమైనా ఆ అలవాటు పోలేదు, వేరే రూపంలో నిలిచింది. జర్మనీలో పులిసిన వైన్‌ను తియ్యన చేసేదానికి లిథార్జి అనే సీసపు పొడి కలిపేవాళ్ళు. మన సిద్ధ వైద్యులు మిరుదార్‌సింగి అంటారే, అది. 1690లలో ఉల్మ్ ఊరి వైద్యుడు ఎబర్‌హార్డ్ గాకెల్ మఠాల్లో సన్యాసులకు భయంకరమైన కడుపునొప్పులు వస్తుంటే గమనించాడు. వైన్ తాగని వాళ్ళకు నొప్పి రాలేదు. ఆ దారిన వెతుక్కుంటూ పోయి సీసాన్ని పట్టుకున్నాడు. 1696లో వుర్టెంబెర్గ్ ప్రభువు, వైన్‌లో సీసం కలిపితే మరణశిక్ష అని ఆజ్ఞ వేశాడు. పులుపును దాచేదానికి విషం పోసిన కాలం అది.

దానికంటే మంచి ఉపాయం గంధకం. ఖాళీ పీపాలో గంధకపు వత్తి వెలిగిస్తే ఆ పొగకు క్రిములు చస్తాయి. డచ్చి వర్తకులు దీన్ని బాగా వాడినందున ఫ్రాన్సులో ఆ వత్తికి 'డచ్చి అగ్గిపుల్ల' అనే పేరే పడింది. పని జరిగేది, ఎందుకు జరిగేదో మాత్రం తెలియదు.

తెలిసింది లూయీ పాశ్చర్ వల్ల. 1860లో ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ వ్యాపార ఒప్పందం కుదిరి, ఫ్రెంచి వైన్ మీద సుంకం తగ్గింది. పీపాలు ఎక్కువగా పోసాగాయి, దాంతోపాటు ఫిర్యాదులు కూడా. గూడ్స్ షెడ్డులో క్లెయిముల కాగితాలు చూసిన నాకు ఇది బాగా అర్థమౌతుంది. ఎక్కించేటప్పుడు సరుకు బాగుంది, దింపేటప్పుడు చెడింది, మరి తప్పు ఎవరిది? 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి, దీన్ని చూడమని పాశ్చర్‌ను అడిగాడు. పాశ్చర్ పెరిగిన ఊరు ఆర్బ్వా. ద్రాక్షతోటల ఊరు, వాళ్ళ నాన్న తోళ్ళు పదును చేసేవాడు. శిష్యులను వెంటబెట్టుకుని అక్కడికే పోయి, సూక్ష్మదర్శిని పెట్టుకుని కూర్చున్నాడు.

అంతవరకూ రైతులు ఒక్కో జబ్బుకు ఒక్కో పేరు పెట్టుకుని ఉన్నారు. బర్గండీ ఎర్ర వైన్‌కు చేదు జబ్బు. తెల్ల వైన్‌కు నూనె మాదిరి సాగే జబ్బు. ఇంకొకటి 'తిరిగిపోవడం', కలంకయి గ్యాస్ వచ్చేది. ఇదంతా వైన్ స్వభావం, నేల గుణం అనుకునేవాళ్ళు. కాదు, ఒక్కో జబ్బుకు ఒక్కో క్రిమి ఉందని పాశ్చర్ చూపించాడు. ఒక చుక్క అద్దం కింద పెడితే, నోట పెట్టకుండానే ఏ జబ్బో చెప్పవచ్చు. నా లెక్కలో ఆయన చేసిన గొప్ప పని ఇదే, తరువాత వచ్చిన మందు కాదు.

మందు ఏమంటే, గాలి తగలకుండా వైన్‌ను 50–60 డిగ్రీల వరకు కాచడం. 1865లో పేటెంటు తీసుకున్నాడు, తరువాత దాన్ని అందరికీ వదిలేశాడు. 1866లో వైన్ మీద పుస్తకం వేశాడు. కాచితే రుచి పోతుందని పారిస్ వర్తకులు గొణిగారు. పాశ్చర్ ఒక చిన్న తమాషా చేశాడు. ఒకే వైన్‌ను రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. పెద్ద పెద్ద రుచిగాళ్ళు ఆ రెంటికీ తేడా కనిపెట్టేశారు! అయినా కాచే పద్ధతి పాలలో, బీరులో నిలిచినంతగా వైన్‌లో నిలవలేదు. వైన్‌వాళ్ళు గంధకానికే తిరిగి పోయారు.

ఆ గంధకం లేకుండా చేసి చూపించినవాడు జ్యూల్ షోవే (1907–1989). బోజొలే ప్రాంతపు వైన్ వ్యాపారి, రసాయనం బాగా చదువుకున్నవాడు. ఈనాటి నేచురల్ వైన్‌వాళ్ళు ఆయన్ను పెద్దాయనగా చెప్పుకుంటారు. 1981 నుంచి మార్సెల్ లాపియేర్ ఆ దారిలో నడిచాడు. మరి షోవే ఏమీ చేయకుండా వదిలేశాడా? లేదు. కుళ్ళిన పండు ఒక్కటి ఉన్నా ఏరి పారేయాలి, పండులో పులుపు తగినంత ఉండాలి, తొట్లు శుభ్రంగా, చల్లగా ఉండాలి, సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉండాలి. గంధకం చేసే పనిని మనిషి కాపలా చేయాలి.

ఇప్పుడు ఎలుక సంగతి. ఇది ఒక రకం లాక్టిక్ క్రిమి వల్ల, బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు వల్ల వస్తుంది. విచిత్రం ఏమంటే, ముక్కుకు తెలియదు. వైన్ పులుపులో ఆ వాసన ఆవిరి కాదు. మింగినాక మన ఎంగిలి ఆ పులుపును తగ్గిస్తే అప్పుడు లేస్తుంది. కొందరికి అసలు తెలియనే తెలియదు, అందుకే ఒకే సీసా తాగి ఇద్దరు గొడవ పడతారు. పండు అతిగా మాగి పులుపు తగ్గితే, గంధకం లేకుంటే, పీపా వెలితిగా ఉండి గాలి తగిలితే ఇది వస్తుంది. వచ్చినాక పోగొట్టడం కష్టం, రాకుండా చూసుకోవాల్సిందే. కుళ్ళిన గుడ్డు కంపు వేరే, అది తిండి చాలని ఈస్టు చేసే పని, గాలి తగిలితే చాలాసార్లు పోతుంది. గుర్రాల లాయం వాసన బ్రెట్టనోమైసెస్‌దే, అది పోదు.

కల్లు మాదిరి అన్న ఆయనకు ఒక మాట. పదనీరు దించేవాళ్ళు కుండకు లోపల సున్నం పూస్తారు కదా. వైన్‌ను పులుపు కాపాడితే, పదనీరును దానికి ఎదురుదారిలో సున్నం కాపాడుతుంది. అక్కడ కూడా ఊరికే వదిలేసినవాళ్ళు ఎవరూ లేరు.

ఫ్రాన్సులో 2020 నుంచి 'వ్యాన్ మెతోద్ నాత్యూర్' అనే ముద్ర ఉంది. దాంట్లో రెండు రకాలు. ఒకటి గంధకం అసలు కలపనిది, ఇంకొకటి లీటరుకు 30 మిల్లీగ్రాములకు లోపల ఉన్నది. భయముండేవాళ్ళు రెండవది కొనవచ్చు. సీసా తెరిచినాక ఒక చుక్క అరచేతిలో వేసి రుద్ది వాసన చూడండి, చర్మానికి పులుపు తక్కువ కాబట్టి ఎలుక ఉంటే అక్కడ తెలిసిపోతుంది. కొన్ని సీసాలు తెరిచినప్పుడు బాగుండి మరుసటి రోజుకు కంపు పడతాయి, కాబట్టి మూతపెట్టి దాచుకోకండి.