మారిషసు ద్వీపమున తెలుగు బిడ్డలు

ప్రవాసాంధ్రుల సంతానమునకు తెలుగు పలుకు రాదని స్వదేశమునందలి పెద్దలు పరితపించుట సహజమే. కాని, భాష జారిపోయిన యింట సంస్కృతియు నశించినట్లేయని వారు చేయు తీర్మానమును, ఈ మారిషసు ద్వీపమున సంసారము సాగించుచున్న నేను అంగీకరింపజాలను. ఈ దేశచరిత్ర తెలిసినచో వారును అట్లు తీర్మానింపరని నా నమ్మకము.

మడగాస్కరునకు తూర్పుగా హిందూ మహాసముద్రమున నున్న యీ దీవిలో ఆదిమవాసులు లేరు. డచ్చివారు కొంతకాల ముండి 1710లో విడిచిపోయిరి. 1715లో ఫ్రెంచివారు ఆక్రమించి, ఆఫ్రికానుండియు మడగాస్కరునుండియు తెచ్చిన బానిసలచే సేద్యము చేయించిరి. 1810లో దీనిని జయించిన ఆంగ్లేయులు నివాసుల మతమునకును, న్యాయశాస్త్రమునకును, ఆచారములకును భంగము కలిగింపమని మాట యిచ్చిరి. కనుకనే నేటికిని ప్రభుత్వ కార్యాలయములలో ఇంగ్లీషును, వార్తాపత్రికలలో ఫ్రెంచియు, వీధిలోను వంటింటిలోను బానిసల కాలమున పుట్టిన క్రియోలు భాషయు వ్యవహారమున నున్నవి.

1835లో బానిసత్వము రద్దు కానున్నదని ముందే యెరిగిన చెరకుతోటల యజమానులు భారతదేశమువైపు దృష్టి సారించిరి. 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాసు’ అను ఓడపై కలకత్తానుండి 36 మంది కూలీలు పోర్టు లూయీ రేవున దిగిరి. అది మొదలు 1910 వరకు ఒడంబడికపై వచ్చినవారు సుమారు నాలుగున్నర లక్షలు. అందధికులు భోజపురీ మాటలాడు బీహారు ప్రాంతమువారు. మనవారు గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి వచ్చిన అల్పసంఖ్యాకులు. కోరంగి రేవు పేరుమీదుగా వారిని ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. ఒకదినము పనికి రానివానికి రెండుదినముల కూలి కోసివేయు ఆచారము వారందరు ననుభవించినదే. 1849లో వెలసిన వలస డిపో శిథిలములు నేడు ఆప్రవాసి ఘాట్ అను పేర ప్రపంచ వారసత్వ స్థలముగా 2006నుండి రక్షింపబడుచున్నవి.

అట్టి తోటలలో, చుట్టును భోజపురీయు క్రియోలును వినబడుచుండగా, కొలదిమంది తెలుగువారి యింటిభాష కొన్ని తరములలో సన్నగిల్లిపోవుట ఆశ్చర్యము గాదు. ఆశ్చర్యమేమనగా, భాష సన్నగిల్లినను రామభజనము నిలిచియుండుట. నడుమ దీపము నిలిపి, దానిచుట్టును తాళములు మ్రోగించుచు, అడుగులు వేయుచు, రాత్రియెల్ల పాడు ఆ భజనమును ఇచ్చటి తెలుగు కుటుంబములు నేటికిని జరుపుకొనుచున్నవి. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు అట్లే నిలిచినవి. ఇవి యేల నిలిచినవని నేను బహుకాలము ఆలోచించితిని. ఉపదేశము చేయువాడు ఒక్కడును, వినువారు పలువురునైన చోట బిడ్డ నిద్రపోవును. కాని భజనబృందమునకు బిడ్డ యవసరము. వలయములో ఒకడు తక్కువైనచో ఎడము కనబడును. తాళము తప్పినచో ప్రక్కనున్న తాతకు తెలియును. కావున పదముల యర్థము తెలియకమునుపే బిడ్డ కాలికి లయ తెలిసినది, తాను ఈ సమూహమునకు చెందినవాడనను జ్ఞానము హృదయమున కుదిరినది. రోమను లిపిలో వ్రాసికొన్న కీర్తనలను చూచి పాడు యువకులను ఇచ్చట చూచినప్పుడు నాకు జాలి కలుగదు, గౌరవమే కలుగును.

భాష తరువాత మరలి వచ్చినది. 1968 మార్చి 12న స్వాతంత్ర్యము లభించిన పిమ్మట ప్రాథమిక పాఠశాలలలో హిందీ, తమిళము, ఉర్దూ మొదలగు పూర్వికుల భాషలతోపాటు తెలుగును ఐచ్ఛికముగా నేర్చుకొనుట బలపడినది; మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో పై తరగతుల బోధన కలదు. ఉగాది యిచ్చట దేశమంతటికిని సెలవుదినము. ఈ భాషల విషయమున ప్రజలకెంత పట్టుదల కలదో ఒక్క సంగతి చెప్పిన చాలును: ప్రాథమిక విద్యాంత పరీక్షలో వీని మార్కులను ర్యాంకు నిర్ణయమున చేర్చుటకై 1995లో రాజ్యాంగ సవరణ ప్రతిపాదించిన ప్రభుత్వము, అది పార్లమెంటున నెగ్గకపోగా ఎన్నికలకు పోయి, ఓడిపోయినది. క్రియోలు మాత్రమే మాటలాడు కుటుంబముల పిల్లలకు అది అన్యాయమని వాదించినవారి మాటలోను బలమున్నది. ఒక సమాజపు వారసత్వమునకు మార్కులిచ్చిన, మరియొక సమాజపు బిడ్డ వెనుకబడరాదు. ఈ చిక్కును సానుభూతితో విచారింపక, మనవారి పక్షముననే మాటలాడుట నాకు సమ్మతము గాదు.

ఇటీవల ఉద్యోగముల నిమిత్తము వచ్చిన మావంటి కుటుంబముల విషయము వేరు. మా బిడ్డలు ఇంట తెలుగు చక్కగ మాటలాడుదురు. కాని భజనవలయమున నిలిచి ఒక్క అడుగు వేయజాలకుండిరి, మా కట్టి అభ్యాసము లేదు గావున. వారికది నేర్పినవారు, పూర్వికులు ఓడ దిగి ఐదారు తరములైన ఇచ్చటి యువతీయువకులు. తెలుగు వాక్యము తడబడుచు పలుకు ఆ గురువులును, ధారాళముగ పలుకు ఈ శిష్యులును ఒకరివద్ద నొకరు నేర్చుకొనుచుండుటను నేను మిక్కిలి శుభముగా భావించుచున్నాను.

కావున స్వదేశమునుండి వచ్చు పండితులను నేను వేడుకొనునది ఒక్కటే. ఇచ్చటివారి ఉచ్చారణను దిద్దుటకు తొందరపడవలదు. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల భజనబృందములనే వెంటబెట్టుకొని రండు; ఇచ్చటి వరుసలను అచ్చటి వరుసలతో పోల్చిచూడుడు. రెండుచోట్ల నిలిచినదేదో, మన యూళ్లలో మాసిపోయి ఇచ్చట మాత్రమే మిగిలినదేదో అప్పుడు తేలును. పుస్తకము చూడక రాత్రియంతయు పాడగల వృద్ధులు ఇంకను కొందరున్నారు. వారి గళములను ధ్వనిముద్రణము చేయు పని ముందు జరుగవలె.