నీళ్లను రానిచ్చే తొడుగు

జంషెడ్‌పూర్‌కు సముద్రం దూరం. ఉన్నవల్లా సువర్ణరేఖ, ఖర్కాయి నదులు, డిమ్నా చెరువు. అయినా ఒంటిని ఉష్ణోగ్రత నుంచి కాపాడుకునే దుస్తుల విలువ ఈ ఊరికి బాగా తెలుసు. 1912లో సాక్చి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మ వచ్చినప్పటి నుంచి ఇక్కడి కార్మికులకు కొలిమి సెగతోనే పని. మంచు చలిని పరిచయం చేసింది బచేంద్రి పాల్. 1984లో ఎవరెస్ట్ ఎక్కిన ఆమె టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను నడిపారు. ఆమె దగ్గర శిక్షణ పొందిన జంషెడ్‌పూర్ గృహిణి ప్రేమలతా అగ్రవాల్ 2011లో అదే శిఖరం చేరారు.

ఇక మిగిలింది నీటి చలి. బిష్టుపూర్‌లో శ్రీరామ మందిరం కట్టుకున్న తెలుగువాళ్లలో చాలామందికి బంధువులు ఉత్తరాంధ్ర తీరాన ఉన్నారు. సెలవులకు విశాఖ వెళ్లి రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్‌కు దిగితే అక్కడ ఒంటికి అతుక్కుపోయే నల్లటి వెట్‌సూట్ అద్దెకు ఇస్తారు. అది వేసుకున్నాక కూడా ఒళ్లు తడుస్తుంది. కొత్తవాళ్లకు ఆశ్చర్యం కలిగేది అక్కడే.

గాలిలో కంటే నీటిలో ఒంటి వేడి దాదాపు 25 రెట్లు వేగంగా జారిపోతుంది. అందుకే పాతకాలం డైవర్లు చుక్క నీరు లోపలికి రాకూడదనుకున్నారు. 19వ శతాబ్దంలో రాగి శిరస్త్రాణానికి జోడుగా రబ్బరు పట్టించిన కాన్వాసు దుస్తులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈతగాళ్లు పలుచని రబ్బరు సూటు కింద ఉన్ని బట్టలు వేసుకునేవారు. ఎక్కడైనా చిన్న చిరుగు పడితే ఉన్ని తడిసేది, సూటు ఉన్నా లేనట్టే.

నీరు లోపలికి రాకూడదన్న ఈ ఆలోచనను తలకిందులు చేసినవాడు దర్జీ కాదు, భౌతిక శాస్త్రవేత్త. లాస్ అలమోస్‌లో అణుబాంబు పథకంలో పనిచేసి, తర్వాత బర్క్‌లీ చేరిన హ్యూ బ్రాడ్నర్ 1951లో ఒక లెక్క వేశాడు. చలిని ఆపే గాలి బట్టలోని బుడగల్లోనే ఉంటే చర్మం తడిసినా ఫరవాలేదు. మరి ఆ బుడగలున్న బట్ట ఏది? నురుగు నియోప్రీన్ వాడి చూడమన్నాడు ఇంజినీరు విల్లర్డ్ బాస్కమ్. నియోప్రీన్‌ను డ్యూపాంట్ ప్రయోగశాల 1930లోనే తయారుచేసింది. బ్రాడ్నర్ ఈ సూటుతో డబ్బు చేసుకోలేదు. కాలిఫోర్నియా దుకాణదారులైన జాక్ ఓనీల్, మీస్ట్రెల్ సోదరులు ఇలాంటి సూట్లు అమ్మి పేరు తెచ్చుకున్నారు. ఘనత ఎవరిదన్న వాదన చాలాకాలం నడిచింది. 1998లో పాత ఉత్తరాలు తిరగేసిన పరిశోధకురాలు కరొలిన్ రైనీ బ్రాడ్నర్ వైపే మొగ్గింది.

అయితే తడిసినా వెచ్చగా ఉంచే ఈ సూత్రానికి ఒక షరతుంది. లోపలికి వచ్చిన పలుచని నీటి పొర అక్కడే నిలవాలి. నడుము వెనక గుంటలోనో, చంకలోనో ఖాళీ మిగిలితే కదిలినప్పుడల్లా వెచ్చని నీరు బయటికిపోయి చల్లటి నీరు దూరుతుంది. కాబట్టి కొలతలే సర్వస్వం. 1950ల్లో, 60ల్లో బ్రిటన్ క్లబ్బుల్లో డైవర్లు నియోప్రీన్ షీట్లు కొనుక్కుని, కాగితం నమూనా మీద కత్తిరించి, జిగురుతో అతికించి, అతుకుల మీద పసుపుపచ్చ టేపు వేసుకునేవారు. లోపలి వైపు నైలాన్ లేని ఆ తొలి సూట్లు చర్మానికి అంటుకుపోయేవి, టాల్కమ్ పౌడర్ చల్లుకోనిదే ఎక్కేవి కావు. అదో యుద్ధం.

ఇప్పుడు కొలతలిచ్చి చేయించుకునేవారి నుంచి తయారీదార్లు ఇరవైకి పైగా కొలతలు అడుగుతారు. ఛాతీ, నడుము సరే. పిక్క, మణికట్టు, మెడ చుట్టుకొలత కూడా కావాలి. భుజం మీంచి కాళ్ల సందు దాకా వెళ్లి మళ్లీ భుజానికి వచ్చే పొడవు అన్నిటికంటే ముఖ్యం, అది తప్పితే చేతులెత్తలేం. సాక్చి బజారు దర్జీ వదులుగా రెండంగుళాలు ఎక్కువ పెడతాడు, వెట్‌సూట్‌కు ఆ దయ పనికిరాదు. బిగువు మితిమీరినా ప్రమాదమే. మెడ రక్తనాళాల మీద ఒత్తిడి పడి కళ్లు తిరగొచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు.

కుట్టే తీరూ వేరు. అంచులను ముందు జిగురుతో కలుపుతారు. ఆపైన సూది బట్టను పూర్తిగా దాటకుండా సగం మందంలోనే తిరిగొచ్చేలా కుడతారు, లేకపోతే ప్రతి రంధ్రం నీటికి దారవుతుంది. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపై బుడగలు నలిగిపోతాయి, సూటు పలచబడుతుంది. ఎన్నో మునకల తర్వాత సూటు ఆ నలుగుడు నుంచి పూర్తిగా తేరుకోదు. అంటే ఎంత కచ్చితంగా కొలిచినా సూటుకు ఆయుష్షు పరిమితమే.

విశాఖ నీళ్లు వెచ్చన. అక్కడ సరదా మునకకు మూడు మిల్లీమీటర్ల సూటు చాలామందికి సరిపోతుంది, అద్దెవాళ్లు ఎస్, ఎమ్, ఎల్‌తో నెట్టుకొస్తారు. మరీ పొడవైనవాళ్లు, భుజాలకూ నడుముకూ పొంతన కుదరనివాళ్లు, నెలల తరబడి నీళ్లలోనే పనిచేసేవాళ్లు మాత్రం కొలత టేపు పట్టుకుని నిలబడాల్సిందే.