కూపెరాన్, స్కార్లట్టి హార్ప్సికార్డ్ రచనలు: శైలీభేదం – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: బరోక్ యుగపు చివరి దశలో హార్ప్సికార్డ్ వాద్యం కోసం విస్తారంగా రచించినవారిలో ఫ్రాన్సువా కూపెరాన్ (1668-1733), డొమెనికో స్కార్లట్టి (1685-1757) ముఖ్యులు. వీరి శైలీభేదాన్ని ఫ్రెంచి సౌకుమార్యం, ఇటాలియన్ చాతుర్యం అనే జాతీయ లక్షణాలతో వివరించడం పరిపాటి. ఆ వివరణ చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాద్యానికి సహజంగా ఉన్న ఒక పరిమితిని ఇద్దరూ వేర్వేరు మార్గాల్లో ఎదుర్కొన్నారు. ఆ భేదం వారి రచనల్లోనే కాక, ముద్రిత సంపుటాల పీఠికల్లోనూ స్పష్టంగా కనిపిస్తుంది.

కీలకపదాలు: బరోక్ సంగీతం, హార్ప్సికార్డ్, కూపెరాన్, స్కార్లట్టి, అలంకార సంకేతాలు, పీఠిక, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం

యూరోపియన్ సంగీతచరిత్రలో సుమారు 1600 నుంచి 1750 వరకు గల కాలాన్ని బరోక్ యుగంగా వ్యవహరిస్తారు. ఈ కాలంలో హార్ప్సికార్డ్ తోడు వాద్యంగానూ, ఏకవాద్యంగానూ ప్రముఖ స్థానం పొందింది.

కూపెరాన్ పారిస్‌లోని సేం జెర్వే చర్చిలో ఆర్గాన్ వాయించే కుటుంబంలో జన్మించాడు. 1693లో పద్నాలుగో లూయీ కొలువులో ఆర్గాన్ వాదకుడయ్యాడు. 1713, 1717, 1722, 1730 సంవత్సరాల్లో నాలుగు హార్ప్సికార్డ్ సంపుటాలు వెలువరించాడు. వీటిలో 220కి పైగా రచనలు ఉన్నాయి. అతడు వీటిని ‘ఓర్డ్ర్’ అనే పేరుతో 27 వర్గాలుగా కూర్చాడు. ఒక్కొక్క ఓర్డ్ర్‌లోని రచనలన్నిటికీ సాధారణంగా ఆధారస్వరం ఒకటే.

స్కార్లట్టి నేపుల్స్‌లో, ప్రసిద్ధ ఒపేరా రచయిత అలెసాండ్రో స్కార్లట్టికి కుమారుడుగా జన్మించాడు. 1719లో పోర్చుగల్ రాజు అయిదో జువాన్ కొలువులో చేరి, రాకుమారి మరియా బార్బరాకు సంగీతగురువయ్యాడు. 1729లో ఆమె స్పెయిన్ యువరాజును వివాహమాడినప్పుడు ఆమె వెంట స్పెయిన్‌కు వెళ్లాడు. సెవిల్ నగరంలో కొంతకాలం గడిపి, 1733లో మాడ్రిడ్ చేరి, మరణించేవరకు ఆమె ఆశ్రయంలోనే ఉన్నాడు. అతడి సొనాటాలను రాల్ఫ్ కర్క్‌ప్యాట్రిక్ 1953లో 555గా లెక్కించి సంఖ్యలు ఇచ్చాడు. ఈ వ్యాసంలో ఆ సంఖ్యలనే వాడడం జరిగింది.

ఈ ఇద్దరి మధ్య భేదం వింటూనే తెలుస్తుంది. ఆ భేదానికి మూలం ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

2. వాద్యస్వభావం – ఉమ్మడి సమస్య

హార్ప్సికార్డ్‌లో మెట్టు నొక్కగానే, లోపలి చెక్కబద్దకు అమర్చిన పక్షి ఈక ములుకు తీగను మీటుతుంది. వేలు బలంగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వనితీవ్రతలో చెప్పుకోదగ్గ తేడా రాదు. మీటిన తర్వాత స్వరం క్షీణించవలసిందే తప్ప దాన్ని పెంచే ఉపాయం లేదు. కమానుతో వాయించే వయొలిన్‌కు గాని, గాత్రానికి గాని ఈ ఇబ్బంది లేదు.

కర్ణాటక సంగీతంతో పరిచయమున్న పాఠకులు ఇక్కడ ఒక విషయం గుర్తించాలి. వీణలో తీగను పక్కకు లాగి గమకం పలికించవచ్చు. హార్ప్సికార్డ్‌లో వేలికి తీగతో సంబంధమే లేదు. అందువల్ల ఈ వాద్యంలో ‘అలంకారం’ అంటే ప్రధాన స్వరం చుట్టూ పొరుగు స్వరాలను వేగంగా వేర్వేరు మెట్లపై పలికించడమే. దీన్ని గమకంతో సమానంగా భావించరాదు.

కూపెరాన్ ఈ పరిమితిని స్వయంగా ప్రస్తావించాడు. ఈ వాద్యానికి భావవ్యక్తీకరణశక్తి కల్పించగలవారికి తాను కృతజ్ఞుడనై ఉంటానన్న అభిప్రాయం 1713 సంపుటి పీఠికలో ఉంది. స్కార్లట్టి దీన్ని గురించి ఏమీ చెప్పలేదు. అయితే అతడి రచనలు చూపే పరిష్కారం కూడా స్పష్టమైనదే.

3. కూపెరాన్: కాలం ద్వారా భావం

కూపెరాన్ 1716లో ‘హార్ప్సికార్డ్ వాదనకళ’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక శిక్షణగ్రంథం ప్రకటించాడు. అందులో రెండు ఉపాయాలు వివరించాడు. మొదటిది, స్వరాన్ని దాని పూర్తి కాలం కంటే ముందే ఆపి, చిన్న నిశ్శబ్దం మిగల్చడం. రెండవది, స్వరాన్ని రావలసిన క్షణం కంటే కొంచెం ఆలస్యంగా పలికించడం. కమాను వాద్యాలు ధ్వనిని పెంచే సందర్భంలో హార్ప్సికార్డ్ చేసే ఈ ఆలస్యం, వ్యతిరేక మార్గంలోనే అయినా, చెవికి అదే ఫలితాన్ని స్ఫురింపజేస్తుందని అతడి వాదం. అంటే తీవ్రత చేయవలసిన పనిని అతడు కాలానికి అప్పగించాడు.

అలంకారాలు కూడా ఈ ఆలోచనలో భాగమే. ప్రధాన స్వరానికి ముందు వచ్చే పొరుగు స్వరాన్ని తాళం పడే క్షణంలోనే, కింది స్వరసమూహంతో కలిపి పలికించాలని అతడు నిర్దేశించాడు. దీనివల్ల అసలు స్వరం వెనక్కి జరుగుతుంది. వినేవారు ఎదురుచూసిన స్వరం ఒక్క క్షణం అందకుండా పోయి, తర్వాత అందుతుంది. కాబట్టి ఇక్కడ అలంకారం పైపూత కాదు.

రెండవ సంపుటిలోని ఆరవ ఓర్డ్ర్‌కు చెందిన ‘మర్మమైన అడ్డుగోడలు’ అనే రచన ఇందుకు మంచి ఉదాహరణ. పల్లవిలా ఒక భాగం మళ్లీ మళ్లీ వచ్చే ‘రోందో’ రూపంలో ఇది సాగుతుంది. రెండు చేతులూ మధ్య, మంద్ర స్థాయిల్లోనే దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక స్వరసమూహంలోని స్వరాలన్నీ ఒక్కసారిగా పలకవు. ఒకటి ఆగకముందే మరొకటి వచ్చి చేరుతుంది. అంతకుముందు తరాల ఫ్రెంచి ల్యూట్ వాదకుల పద్ధతి నుంచి వచ్చిన రీతి ఇది. స్వరాలు ఒకదానిపై ఒకటి నిలిచి ఉండడంవల్ల, మీటగానే క్షీణించే వాద్యం ఎడతెగని నాదంగా వినిపిస్తుంది.

4. స్కార్లట్టి: కదలిక, సాంద్రత

స్కార్లట్టి సొనాటాలు సాధారణంగా ఒకే అంగం గలవి. రెండు భాగాలు, ఒక్కొక్కటి రెండుసార్లు. ఎక్కువ రచనల్లో రెండు భాగాల ముగింపులు ఒకే సామగ్రితో, వేర్వేరు ఆధారస్వరాలపై వస్తాయి. రెండవ భాగపు ఆరంభంలో సంగీతం తరచుగా అనుకోని శ్రుతులకు వెళ్లి తిరిగివస్తుంది. కూపెరాన్ రచనలకు వ్యక్తుల, వస్తువుల, మనోభావాల పేర్లు ఉంటే, ఇక్కడ అలాంటి శీర్షికలు దాదాపు లేవు.

తీవ్రతలో మార్పు తేలేని వాద్యం నుంచి స్కార్లట్టి ఆ మార్పును స్వరాల సంఖ్యతో సాధించాడు. రెండు స్వరాల పలుచని అల్లికతో మొదలైన భాగం క్రమంగా చిక్కబడి, వేళ్లు పట్టినంతవరకు స్వరాలతో నిండిన సమూహాలకు చేరుతుంది. 119, 175 సంఖ్యల సొనాటాల్లో పక్కపక్క స్వరాలు ఒకేసారి మోగి, సమకాలీన సంగీతశాస్త్ర నియమాలకు లొంగని కర్కశత్వం కలుగుతుంది. 141వ సొనాటాలో కుడిచేయి ఒకే స్వరాన్ని అతివేగంగా మళ్లీ మళ్లీ మీటుతుంటే, ఎడమచేయి గిటారు తీగలన్నిటినీ ఒక్క ఊపున మీటినట్టు స్వరసమూహాలను విసురుతుంది.

రెండవ సాధనం చేతుల కదలిక. ఎడమచేయి కుడిచేతిని దాటి తారస్థాయికి వెళ్లడం, వెనువెంటనే మంద్రస్థాయికి దూకడం అతడి తొలి సంపుటిలోనే విరివిగా ఉన్నాయి. శ్రోత దూరాన్ని వింటాడు. చూసేవాడు సాహసాన్ని చూస్తాడు.

5. అపరిచిత వాదకుడికి చెప్పినది ఏమిటి?

ఈ భేదానికి బలమైన ఆధారం పీఠికల్లో ఉంది. ముద్రిత గ్రంథం రచయితకు తెలియని వాదకుడి చేతికి వెళ్తుంది. ఆ వాదకుడికి తప్పనిసరిగా తెలియాలని రచయిత భావించినదేమిటో పరిశీలిస్తే, శైలిలో అతడు దేన్ని కేంద్రంగా ఎంచాడో తెలుస్తుంది.

కూపెరాన్ 1713 సంపుటిలో అలంకార సంకేతాల పట్టికను చేర్చాడు. ప్రతి గుర్తుకూ దాని వాదనరూపాన్ని స్వరాలలో విడమరచి చూపాడు. 1722 పీఠిక నాటికి అతడి స్వరం కటువైంది. వాదకులు ఆ గుర్తులను లెక్కచేయకుండా వాయిస్తున్నారనీ, తాను రాసినదానికి దేన్నీ కలపకుండా, దేన్నీ తీసివేయకుండా వాయిస్తేనే రచన రసజ్ఞులను ఆకట్టుకుంటుందనీ అతడు నిష్కర్షగా చెప్పాడు. ఆ సంపుటిలోనే, పదబంధం ఎక్కడ ముగిసిందో తెలపడానికి కామా వంటి ఒక కొత్త గుర్తును ప్రవేశపెట్టాడు. తొలిపాఠాల దశలో పిల్లలు గురువు లేనప్పుడు సాధన చేయకుండా, వాద్యం తాళంచెవిని తన వెంట తీసుకుపోతానని శిక్షణగ్రంథంలో రాశాడు. ముద్రిత పుటలపై అతడి గుర్తులు చేసే పని కూడా ఆ తాళంచెవి చేసే పనే.

స్కార్లట్టి తన పర్యవేక్షణలో వెలువరించిన ప్రధాన హార్ప్సికార్డ్ సంపుటి ‘ఎస్సెర్చీజి’. ‘అభ్యాసాలు’ అని దీని అర్థం. 30 సొనాటాల ఈ గ్రంథం 1738 నాటి అంకితపత్రంతో లండన్‌లో ముద్రితమై అయిదో జువాన్‌కు అంకితమైంది. పాఠకుడికి రాసిన చిన్న మాటలో, గంభీరమైన శాస్త్రాన్ని ఆశించవద్దని, ఇది కళతో ఆడిన చతురమైన ఆట అని చెప్పాడు. ఇందులో అలంకారాల పట్టిక లేదు. అతడు వివరించిన సంకేతాలు రెండే రెండు అక్షరాలు: ఒకటి కుడిచేతికి, మరొకటి ఎడమచేతికి. ఏ స్వరం ఎంతసేపు నిలవాలన్నది వాదకుడికే వదిలి, ఏ చేయి ఎక్కడికి వెళ్లాలన్నది మాత్రం అతడు నిర్దేశించాడు.

ఒక అభ్యంతరం రావచ్చు. కూపెరాన్ కూడా వేళ్ల వాడకాన్ని బోధించాడు, చేతులు పెనవేసుకునే రచనలు చేశాడు కదా? నిజమే. అయితే అతడి శిక్షణగ్రంథంలో వేళ్ల మార్పిడికి ప్రధాన ప్రయోజనం స్వరాలు తెగకుండా కలవడమే. 1722 సంపుటిలోని ‘టిక్ టాక్ షాక్’ అనే రచనలో రెండు చేతులూ రెండంతస్తుల మెట్ల వరుసలపై ఒకే స్థాయిలో ఆడతాయి. ఒకే వరుస గల వాద్యమైతే ఒక చేతి భాగాన్ని స్థాయి మార్చి వాయించవచ్చనీ, ఇటువంటి రచనలు రెండు వేణువులకో రెండు వయొలిన్లకో కూడా తగుతాయనీ అతడు పీఠికలో అనుమతించాడు. అంటే అతడి దృష్టిలో ఆ రచనకు ప్రాణం రెండు గీతాల అల్లిక. చేతులు దాని సాధనాలు. స్కార్లట్టి గంతులను రెండు వేణువులకు పంచితే స్వరాలు మిగులుతాయి గాని, గంతు మిగలదు.

6. జాతీయముద్ర ఎంతవరకు నిలుస్తుంది?

ఫ్రెంచివారు రాసినదొకటి, వాయించేదొకటి అనీ, ఇటాలియన్లు తలచిన కాలప్రమాణాలనే యథాతథంగా రాస్తారనీ కూపెరాన్ స్వయంగా 1716 గ్రంథంలో అన్నాడు. ఫ్రెంచి సంప్రదాయంలో సమానంగా రాసిన స్వరాలను అసమానంగా వాయించే ఆచారం ఉండేది. కాబట్టి జాతీయభేదం అనే ఆలోచనకు ఆ కాలపు ఆధారం లేకపోలేదు.

కాని ఆ గీటురాయిపై ఇద్దరూ పూర్తిగా నిలవరు. కూపెరాన్ తన తొలి సొనాటాను ఇటాలియన్ పేరు మాటున వినిపించానని 1726లో ‘లే నాసియాఁ’ సంపుటి పీఠికలో ఒప్పుకున్నాడు. 1724లో ‘రెండు అభిరుచుల కలయిక’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంపుటి వెలువరించి, కొరెల్లి స్మృతికి ఒక రచన సమర్పించాడు. స్కార్లట్టి ప్రౌఢజీవితంలో ఎక్కువకాలం పోర్చుగల్, స్పెయిన్ దేశాల్లో గడిపాడు. బండివాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు పాడుకునే బాణీలను అతడు అనుకరించాడని ఆంగ్ల చరిత్రకారుడు చార్లెస్ బర్నీ, ఒక సమకాలీనుడి మాటగా నమోదు చేశాడు. ఈ నేపథ్యంలో ‘ఫ్రెంచి’, ‘ఇటాలియన్’ అనే ముద్రలు వర్ణనకు తోడ్పడతాయి గాని కారణాన్ని చెప్పలేవు.

రచన ఎవరికోసం అన్నది అంతకంటే మేలైన వివరణ. కూపెరాన్ రాజానుమతి పొంది, రాగిరేకులపై చెక్కించి, అమ్మకానికి పెట్టినవి తన సంపుటాలు. స్కార్లట్టి సొనాటాల్లో అత్యధికం ముద్రణకు వెళ్లలేదు. వాటిని ఎవరు వాయిస్తారో, ఎలా వాయిస్తారో అతడికి తెలుసు. ఎదురుగా ఉన్న శిష్యురాలికి గుర్తులతో పని తక్కువ.

7. పాఠపరిష్కరణలో ఈ భేదం ప్రభావం

ఈ విషయం కేవలం సంగీతానికి పరిమితం కాదు. కూపెరాన్ రచనలకు రచయిత కనుసన్నల్లో వెలువడిన ముద్రిత పాఠం ఉంది. స్కార్లట్టి సొనాటాలకు స్వహస్తప్రతులు లభించలేదు. ముఖ్యాధారాలు లేఖకులు రాసిన రెండు ప్రతిసముదాయాలు: వెనీస్‌లో 15 సంపుటాలు, పార్మాలో 15 సంపుటాలు. వెనీస్ ప్రతుల్లో 13 సంపుటాలు 1752-57 మధ్యకాలానివి.

1906 నుంచి ఈ సొనాటాలను 11 సంపుటాలుగా ప్రకటించిన అలెసాండ్రో లాంగో, కర్కశమైన స్వరసమూహాలను లేఖకదోషాలుగా భావించి అనేకచోట్ల సవరించాడు. సొనాటాలను తన అభిరుచి మేరకు వర్గాలుగా కూర్చాడు. 545 సొనాటాలను విస్తృతంగా అందుబాటులోకి తెచ్చిన ఘనత అతడిదే. కాని అతడు దిద్దిన కర్కశత్వమే, పై 4వ విభాగంలో చూసినట్టు, తీవ్రతలేని వాద్యంలో తీవ్రతను పలికించే సాధనం. కర్క్‌ప్యాట్రిక్ ఈ సవరణలను విమర్శించి, వ్రాతప్రతుల పాఠాన్ని పునరుద్ధరించాడు. శైలిని గ్రహించకముందే పాఠాన్ని దిద్దితే, దోషంతోపాటు గుణం కూడా పోతుందనడానికి ఇది నిదర్శనం. తాళపత్ర, కాగితపు ప్రతులతో పనిచేసే తెలుగు పరిష్కర్తలకు ఈ హెచ్చరిక కొత్తది కాదు.

8. ముగింపు

1. మీటిన స్వరతీవ్రతను మార్చలేని వాద్యపరిమితిని కూపెరాన్ కాలంతో, స్కార్లట్టి స్వరసాంద్రతతోనూ చేతుల కదలికతోనూ అధిగమించారు.

2. పీఠికల్లో ఒకరు అలంకారాలను, మరొకరు చేతులను వివరించడం ఈ భేదాన్ని ధ్రువపరుస్తుంది.

3. జాతీయ అభిరుచి కంటే, ఉద్దిష్ట వాదకుడెవరన్న అంశం ఈ శైలీభేదాన్ని మెరుగ్గా వివరిస్తుంది.

4. గుర్తులు ఎక్కువైన చోట వాదకుడు వాటిని నిర్లక్ష్యం చేశాడు; గుర్తులు తక్కువైన చోట పరిష్కర్త చొరవ చూపాడు. రచయిత ఎంత చెప్పినా, చెప్పకున్నా, పాఠం ఇతరుల చేతుల్లో మారే అవకాశం ఉంటుంది. అందుచేత రచయిత ఏది చెప్పాడన్నదానితోపాటు ఏది చెప్పనవసరం లేదనుకున్నాడన్నది కూడా పరిశోధనలో పరిగణించవలసిన ఆధారమే.